విత్తని వానకాలం

నాకు పాలు ఇంకిపోయిన నెలలోనే మా ఆయనను భూపాలపల్లి అడవి అంచున ఉన్న క్యాంపుకు వేశారు. ఆయన వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగి. పిల్లవాడికి అప్పటికి మెడ కూడా సరిగ్గా నిలవలేదు. బాలింత జ్వరం నన్ను విడిచిపెట్టింది గానీ పాలను తీసుకుపోయింది.

నెల్లికుదురులో మా అత్తగారు వద్దన్నారు. "ఆ అడవిలకు పసిపిల్లగాన్ని పట్టుకొని ఏం పోతవ్ బిడ్డా? ఆవు పాలు పోద్దాం, ఈడనే ఉండు" అన్నారు. ఆవు పాలు వాడికి అరగలేదు, తాగినదంతా కక్కేవాడు. ఊరు కూడా అప్పుడు ఉండదగినట్టు లేదు. దొరల మీద తిరగబడిన సంఘం వాళ్ళకు అన్నం పెట్టిన ఇల్లని పోలీసులు, పోలీసులకు నీళ్ళిచ్చిన ఇల్లని సంఘం వాళ్ళు. ఎవరు వచ్చి తలుపు కొట్టినా నేను ముందు పిల్లవాడి నోటి మీద చెయ్యి పెట్టేదాన్ని. ఏడుస్తాడని. ఒకసారి చెయ్యి గట్టిగా పడి వాడి పెదవులు నల్లబడ్డాయి. ఆ మర్నాడే పెట్టె సర్దుకుని ఆయన వెంట బయలుదేరాను.

నేను హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో చదువుకున్నాను. భూగోళ శాస్త్రంలో వ్యవసాయం ఎన్ని రకాలో ఒక పాఠం ఉండేది. మెట్ల బొమ్మ ఒకటి వేసేవారు. అన్నిటికంటే కింది మెట్టు మీద పోడు: అడవి నరికి, కాల్చి, బూడిదలో విత్తి, నేల సారం తగ్గగానే ఇంకో చోటికి పోవడం. దాని పైన మెట్ట సేద్యం, ఆ పైన నీటి కింద సేద్యం, చిట్టచివర అమ్మకం కోసం పండించే పెద్ద తోటలు. మా జనగామ చుట్టుపక్కల చెలకలు ఎందుకు పండవంటే వాన తక్కువ, నేల పలుచన అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. వాన పడిన రోజు ఊళ్ళో నాగళ్ళన్నీ వెట్టికి దొర చేలోకి వెళ్ళేవని, అవి తిరిగి వచ్చి సొంత చేను దున్నేసరికి పదును ఆరిపోయేదని జనగామలో పుట్టిన నాకు తెలియదా? తెలుసు. అది రాస్తే మార్కులు రావు.

నెల్లికుదురులో అత్తవారిది చెరువు కింద వరి. సంఘం రాజ్యం నడిచిన ఏడాది, తూము నీళ్ళు కూలివాళ్ళ మడులకు కూడా పారాయి. సైన్యం వచ్చిన ఏడు అవే నీళ్ళను మళ్ళీ పాత మళ్ళలోకి తిప్పారు. చెరువు అదే, వాన అదే. పాఠంలో దీన్ని ఏ మెట్టు మీద పెడతారో మా పంతులమ్మను అడగాలని ఉంటుంది.

క్యాంపు అంటే వెదురు కంచె, లోపల వరుసలుగా గుడిసెలు, ఒకటే గేటు, గేటు దగ్గర తుపాకీతో పహరా. కొండల మీది కోయ గూడేలను ఖాళీ చేయించి మనుషులను అక్కడికి తెచ్చారు. వాళ్ళు కొండ మీద ఉంటే అడవిలో దాగిన సంఘం దళాలకు తిండి దొరుకుతుందట. గూడేలను కాల్చేశారు. ఇప్పుడు వీళ్ళకు నాగలి పట్టడం నేర్పి, ఒకచోట నిలిచి సేద్యం చేసేవాళ్ళుగా మార్చాలి. అది మా ఆయన పని. కంచె లోపలే, గేటు పక్కన, మాకూ ఒక గుడిసె ఇచ్చారు.

వెళ్ళిన మొదటి రోజే పిల్లవాడు ఏడుపు ఆపలేదు. పక్క గుడిసె నుంచి ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది, చంకలో ఆడపిల్ల. నన్నేమీ అడగలేదు.

"ఇటియ్యి అక్కా" అని నా చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకుని కూర్చుని రొమ్ము ఇచ్చింది. వాడు ఏడుపు మధ్యలోనే అందుకున్నాడు. నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను.

"పట్నంల సదివినవంట గదా?" అంది నవ్వుతూ. "పాలు ఎట్ల వస్తయో నీ పంతులమ్మ చెప్పలేదా?"

ఆ రోజు నుంచి నా కొడుకు ఆమె పాలే తాగాడు. అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. ఆమెను నేను చెల్లె అని పిలిచేదాన్ని.

ఆమె గుడిసెలో వాసానికి ఒక ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతూ ఉండేది. కింద పొయ్యి, దాని పొగ ఎప్పుడూ బుర్రకు తగిలేది. సిపాయిలు గూడేనికి వచ్చి దిగిపొమ్మన్నప్పుడు ఎవరికి చేతికందింది వాళ్ళు పట్టుకున్నారట. ఒకరు కోళ్ళు, ఒకరు కుండ. ఈమె ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో బుర్రను పట్టుకుంది. అందులో పోడు విత్తనం: జొన్నలు, సామలు, కొర్రలు, కందులు, అనుములు, గుమ్మడి గింజలు, అన్నీ బూడిదలో కలిపి. వాళ్ళ అత్త ఆమెకు ఇచ్చిన విత్తనం. ఆ అత్తకు వాళ్ళ అత్త.

"నిరుడు గూడ విత్తలే అక్కా" అంది ఒకరోజు. "నిరుడు కొండ మీద తుపాకులు మోగుతనే ఉండె. ఈ ఏడు గూడ పోతే సచ్చిన విత్తనమే. పురుగు లోపట్నుంచే తింటది."

"ఇక్కడ విత్తుకోవచ్చు కదా. అందుకే కదా నేల ఇచ్చింది."

"విత్తాల్నే. విత్తకుంటే ఏం తింటం? సర్కారు ఎన్నొద్దులు పెడ్తది?"

దళాల గురించి అడిగితే ఆమె గొంతు తగ్గించలేదు. "వాళ్ళు అడిగి తిన్నరు. వీళ్ళు అడగకుండ కాల్చిన్రు. గింజల గుమ్మి రెండుసార్లు ఖాళీ అయింది" అంది. అంతకంటే రాజకీయం ఆమె దగ్గర లేదు. నా దగ్గరా లేదు.

మృగశిర కార్తెలో మంచి వాన పడింది. క్యాంపు కింద చదును చేసిన నేల మెత్తగా నానింది. ఎద్దులు, నాగళ్ళు, సర్కారు జొన్న విత్తనం, అన్నీ సిద్ధం. మా ఆయన తెల్లవారకముందే లేచి పోయి నేల మధ్యలో నిలబడ్డాడు. ఒక్కరూ రాలేదు. రెండోనాడూ రాలేదు. ఆయన గుడిసె గుడిసెకూ తిరిగాడు. మగవాళ్ళు గడప మీద కూర్చుని ఆయన చెప్పింది విని తలలూపి, మళ్ళీ అక్కడే కూర్చున్నారు.

సంగతి నాకు ఆమె చెప్పింది. విత్తనాల పండుగ కాలేదు. ఆ పండుగకు ముందు మగవాళ్ళంతా వేటకు పోవాలి. తెచ్చిన జంతువు నెత్తురు అందరి విత్తనానికీ అంటించాలి. ఆ తర్వాతే గింజ నేలలో పడాలి.

"వేట లేకుండా విత్తితే?" అన్నాను.

"భూమి మింగుతది. మొలవనియ్యది." ఆకాశం వైపు చూసింది. "జర మీ ఆయనకు చెప్పు అక్కా. ఒక్కపూట ఇడిచిపెట్టమను. ఒక్క కుందేలు దొరికినా చాలు. పదును పోతున్నది."

ఆయన గేటు దగ్గరి జమేదారును అడగడానికి వెళ్ళాడు. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడితే అంతా వినిపించింది. జమేదారు కోస్తా మనిషి.

"గిట్ల ఆలస్యమైతే పదును పోతది సార్" అన్నాడు ఈయన.

"గిట్లా గట్లా ఏంటండీ? ముందు మీరు తెలుగు నేర్చుకోండి, తర్వాత వాళ్ళకి నాగలి నేర్పుదురుగాని." పక్కనున్న పోలీసులు నవ్వారు. "వేటకెళ్ళినవాడు కుందేలుతో వస్తాడో, తుపాకీతో వస్తాడో నాకేం తెలుసు? కుదరదు. అంతగా నెత్తురే కావాలంటే ఓ మేకను తెప్పిస్తాను, కోసుకోమనండి."

మేక మాట చెప్పడానికి కోయ పెద్దను పిలిపించారు. బక్కపలచని ముసలివాడు, ఒక కన్ను పొర కమ్మి ఉంటుంది. జమేదారు చెప్పింది మొత్తం విన్నాడు.

"కట్టేసినదాన్ని కోస్తే వేట గాదు దొరా. అది వంట" అన్నాడు.

జమేదారుకు నవ్వొచ్చింది. "మరైతే వదిలేసి తరమండి. కంచె ఉందిగా, ఎక్కడికి పోద్ది?"

"దానికి తప్పించుకునే తొవ్వ ఉండాలె. లేకుంటె గది గూడ వేట గాదు."

ఇలా ఒకటి తరువాత ఒకటి మాట్లాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కంచె లోపల మేకను వదులుతారు. గేటు తెరిచి పెడతారు. మేక గేటు దాటిపోవచ్చు, మనిషి దాటకూడదు. బాణాలు లేవు, కర్రలే. ముసలివాడు తన గూడెం వాళ్ళతో చాలాసేపు మాట్లాడాడు. కొందరు ఒప్పుకోలేదు. ఒక ఆడమనిషి ఏదో గట్టిగా అరిచి లేచిపోయింది. చెల్లె మాత్రం తన భర్త భుజం పట్టుకుని కుదిపింది. తర్వాత నాతో, "వేటో, ఆటో, ఏదో ఒకటి కానియ్యి. గింజ భూమిల పడాలె" అంది.

పక్క ఊరి గొల్లల మందలోంచి మేకను పోలీసులు తెచ్చారు. వాళ్ళు ఇచ్చారు అనడం కంటే వీళ్ళు తెచ్చారు అనడమే నిజం.

ఆ రోజు పొద్దున ఆడవాళ్ళు గంపలతో పేడ ఎత్తుకొచ్చి వరుసగా నిలబడ్డారు. ఎందుకని అడిగితే నవ్వులు మొదలయ్యాయి. మగవాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడతో కొట్టి, పాటలు కట్టి ఎగతాళి చెయ్యడం ఆ పండుగలో ఆచారమట.

"మా ఆయన ఒక ఏడు ఉడతను గూడ తేలే" అంది చెల్లె. "ఇంట్ల పండుకోనియ్యలే, గంత కంపు. ఈ ఏడు గూడ కొట్టించుకుంటడు సూడు."

ఆమె భర్త దూరం నుంచే కర్ర ఎత్తి చూపించాడు. క్యాంపులో మనుషులు అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నేనూ నవ్వాను. నా కొడుకు ఆమె చంకలో, ఆమె కూతురు నా చంకలో.

మేకను వదిలారు. అది మొదట కదలలేదు. తర్వాత కేకలకు బెదిరి గుడిసెల మధ్యకు ఉరికింది. మగవాళ్ళు వెంటపడ్డారు. కొండ మీద చప్పుడు చెయ్యకుండా నడిచే మనుషులు ఆ ఇరుకులో ఒకరినొకరు గుద్దుకుంటూ, కుండలు తన్నుకుంటూ పరుగెత్తారు. పోలీసులు కంచె అవతల పెట్టెల మీదికి ఎక్కి చూస్తూ, ఈలలు వేస్తూ పందాలు కాశారు. ఒకతను "మేకా, మేకా" అని మేకనే హుషారు చేశాడు. ముసలి పెద్ద మాత్రం మధ్యలో నిలబడి, నిజమైన వేటలో నిలబడినట్టే, చేతితో దిక్కులు చూపిస్తున్నాడు. చెల్లె భర్త ఒకసారి దాని వెనక కాలు పట్టుకున్నాడు. ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు. అది తన్ని విడిపించుకుంది. నేరుగా గేటు వైపు పరుగు తీసింది. అతను వెనకాలే.

మేక గేటు దాటింది. పహరా పోలీసు తుపాకీ ఎత్తాడు. చెల్లె భర్త గేటు దగ్గరే ఆగిపోయాడు.

మేక దూరం పోలేదు. గేటుకు అవతల, నాలుగు అడుగుల దూరంలో, ఒక రేగు పొద ఉంది. అక్కడ నిలబడి ఆకులు తినడం మొదలుపెట్టింది.

"తెచ్చుకోరా, పక్కనే ఉందిగా" అన్నాడు జమేదారు. "ఏం చెయ్యంలే, వెళ్ళు."

అతను జమేదారు వైపు చూడలేదు. తుపాకీ వైపు చూశాడు. అది ఇంకా దిగలేదు. వేసవిలో ఇప్పపూలు ఏరుకోవడానికి కంచె దాటిన ఒకతన్ని కాల్చి, పారిపోతుంటే కాల్చామని చెప్పారు. ఆ సంగతి మేము రాకముందు జరిగింది, కానీ క్యాంపులో అందరికీ తెలుసు. అతను కదలలేదు. అతని వెనక మిగతా మగవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. మేక నములుతున్న చప్పుడు నాకు వినిపించింది.

చాలాసేపటికి ముసలి పెద్ద ఏదో అన్నాడు. వాళ్ళ భాషలో. ఏమన్నాడని చెల్లెను అడిగాను.

"వేట దప్పింది అన్నడు."

ఆడవాళ్ళు గంపలతో అలాగే నిలబడి ఉన్నారు. పాట ఎత్తుకోవలసిన సమయం. ఎవరూ ఎత్తలేదు. ఎవరూ పేడ తీయలేదు. మగవాళ్ళు తిరిగి వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డారు. కొట్టమన్నట్టే నిలబడ్డారు. ఆడవాళ్ళు కొట్టలేకపోయారు.

ఒక పోలీసుకు ఆ ఆచారం సంగతి ఎవరో చెప్పి ఉంటారు. అతను లోపలికి వచ్చి ఒక గంపలోంచి పేడ తీసి చెల్లె భర్త మీద విసిరాడు. "వీళ్ళు వెయ్యకపోతే మేమేస్తాం" అన్నాడు. ఇంకో ఇద్దరు చేతులు పెట్టారు. మగవాళ్ళు తప్పుకోలేదు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. జమేదారు కూడా కాసేపు నవ్వి, తర్వాత "చాల్లే, రండి" అన్నాడు. పోతూ పోతూ వాళ్ళు మేకను పట్టుకుని తీసుకుపోయారు. ఆ పూట వాళ్ళకు అదే కూర.

చెల్లె నా చేతికి పిల్లవాణ్ణి ఇచ్చి, మిగిలిన పేడ గంప ఎత్తుకుని గుడిసెలోకి పోయింది. పొద్దుగూకే దాకా నేల అలుకుతూనే ఉంది. అలికినచోటే మళ్ళీ అలికింది.

"వేట దప్పిన ఏడు విత్తం" అని పెద్ద చెప్పాడు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి తన ఉద్యోగం పోతుందని కూడా చెప్పాడు. ముసలివాడు ఆయన వీపు నిమిరాడట. అంతే. పై అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. పక్క ఊళ్ళనుంచి కూలివాళ్ళను పిలిపించి, సర్కారు జొన్నలు విత్తించారు. మొలకలు వచ్చాయి. అధికారి వచ్చి పచ్చటి చేను చూసి, పోడు వాళ్ళు రైతులయ్యారని మెచ్చుకున్నాడు. చేను వచ్చింది కాబట్టి, వీళ్ళు పనికి రాలేదు కాబట్టి, ఇచ్చే తిండిగింజలు తగ్గించమన్నాడు. ఒకే నోటితో రెండూ అన్నాడు.

తిండి తగ్గాక నా భయం మొదలైంది. ఇది రాస్తున్నప్పుడు నా కొడుకు పక్కనే నిద్రపోతున్నాడు, పళ్ళు కూడా వచ్చాయి. అయినా వాడికి చిన్న దగ్గు వస్తే దీపం తగ్గించి ఊపిరి వింటాను. ఆ రోజుల్లో అయితే ఆమె ఏం తింటున్నదో చూడటమే నాకు పని. మా ఇంట్లోంచి అన్నం తీసుకుపోయి ఇస్తే ఆమె దాన్ని అత్తకు, భర్తకు, ముసలి పెద్దకు పంచి అడుగున మిగిలింది తను నాకేది. నాకు ఒళ్ళు మండేది.

"నువ్వు తిను చెల్లె, నీకని తెచ్చాను."

"నాకని తెచ్చినవా, నీ కొడుక్కని తెచ్చినవా?" అంది. నవ్వుతూనే అంది. పిల్లవాణ్ణి తీసుకుని పాలిచ్చింది. వాడు అంతకుముందులా నిద్రపోలేదు, మధ్యమధ్య వదిలేసి ఏడ్చాడు.

ఒకరోజు చెప్పాను. "గుడిసె వెనక ఎవరూ చూడరు. ఒక గుప్పెడు నాటు. పంట కోసం కాదు. విత్తనమన్నా బతుకుతుంది."

ఆమె లేచి, కర్ర తీసుకుని గుడిసె వెనక్కి పోయింది. పోడులో చేసినట్టే కర్రతో గుంతలు పొడిచింది. చక్కగా, వరుసగా. బుర్ర మూత తీసింది. అరచేతిలోకి గింజలు ఒంపుకుంది. మళ్ళీ బుర్రలో పోసేసింది.

"నేనొక్కదాన్నే విత్తితే పండింది ఎవరు తింటరు అక్కా? మా అత్త ముట్టది, నా మొగడు ముట్టడు. నా బిడ్డ ఒక్కతే కూసోని తినాల్నా?"

కాలితో గుంతలు పూడ్చేసింది.

వానలు వెనకబట్టాయి. సర్కారు జొన్న కంకి వేసింది. దానికి పోలీసులు కాపలా పెట్టారు, అది శాఖ వారి చేను కనుక. ఒక మధ్యాహ్నం చెల్లె గుడిసెలో రోకలి చప్పుడు విని వెళ్ళాను. గింజలు వచ్చాయేమో అనుకున్నాను. బుర్ర వాసానికి లేదు. పగలగొట్టిన చిప్పలు పొయ్యి పక్కన ఉన్నాయి. చాటలో జొన్నలు, సామలు, కందులు, అన్నీ కలిసి, బూడిద చెరిగేసి. కొన్ని గింజలకు సన్నని తూట్లు. పురుగులను ఏరి పొయ్యిలో వేస్తున్నది.

"విత్తనం తింటున్నారా?" అన్నాను. ఆ మాట ఎంత తెలివితక్కువదో అన్నాక తెలిసింది.

"విత్తనం ఏడున్నది అక్కా? గింజలే గివి."

అంబలి కాచింది. ముందు అత్తకు పోసింది. అత్త గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుని తాగింది. వేట తప్పిన ఏడు విత్తకూడదు గానీ తినకూడదని లేదు. తర్వాత భర్తకు. అతను బయటికి తీసుకుపోయాడు. కూతురిని ఒళ్ళో పెట్టుకుని, చల్లార్చి, వేలితో నాకించింది.

నా కొడుకు నా చంకలోంచి అటు వైపు వంగాడు. నేను వెనక్కి లాగాను.

"ఇటియ్యి" అంది ఆమె.

వేలి కొసన కొంచెం తీసి వాడి నాలుక మీద పెట్టింది. వాడు చప్పరించాడు. మళ్ళీ నోరు తెరిచాడు. ఆమె ఇంకొంచెం పెట్టింది.